ఎచ్చెర్ల ఓటు ఢిల్లీకి ఎన్ని దారుల్లో వెళ్తుంది

2024 మే 13న ఎచ్చెర్ల నియోజకవర్గంలో ఓటు వేయడానికి వెళ్ళిన ప్రతి ఓటరు ముందూ రెండు ఈవీఎంలు ఉన్నాయి. తెల్ల కాగితం ఉన్నది లోక్‌సభకు, గులాబీ కాగితం ఉన్నది అసెంబ్లీకి. ఎమ్మెల్యే ఎవరవ్వాలన్న దానిమీద ఊళ్ళో నెలల తరబడి చర్చ నడుస్తుంది. ఎంపీ ఓటు దగ్గరికి వచ్చేసరికి చాలామంది పార్టీ గుర్తు వెతికి మీట నొక్కి బయటికి వచ్చేస్తారు. ఎమ్మెల్యే అంటే ఊరి రోడ్డు, పింఛను, పోలీస్ స్టేషన్లో మాట సాయం. ఎంపీ అంటే ఎక్కడో ఢిల్లీలో ఉండే మనిషి. జనం మనసులో ఉన్న ఈ లెక్క సగమే నిజం. ఢిల్లీలో ఏ కుర్చీలో ఎవరు కూర్చోవాలో తేల్చడంలో తెల్ల కాగితానికి ఎంత పాత్ర ఉందో, గులాబీ కాగితానికీ తక్కువేమీ లేదు.

ఎచ్చెర్ల పేరు ఎత్తడానికి ఇంకో కారణం ఉంది. శ్రీకాకుళం పట్నానికి పక్కనే ఉన్న ఈ ప్రాంతం శ్రీకాకుళం జిల్లాలోదే. ఎంపీ మాత్రం విజయనగరం ఎంపీ. అటు శృంగవరపుకోట విజయనగరం జిల్లాలో ఉన్నా అక్కడి ఓట్లు విశాఖపట్నం లోక్‌సభ స్థానానికి వెళ్తాయి. సాలూరు, పార్వతీపురం, కురుపాం, పాలకొండ ఓటర్లు అరకు ఎంపీని ఎన్నుకుంటారు. జిల్లా అనేది రాష్ట్ర ప్రభుత్వం గీసే గీత. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడినప్పుడు ఆ గీత మారింది, రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్ళింది. లోక్‌సభ నియోజకవర్గాన్ని గీసేది డీలిమిటేషన్ కమిషన్. అది 2008 నుంచి అలాగే ఉంది. రాష్ట్ర ప్రభుత్వం జిల్లాలను ఎన్ని ముక్కలు చేసినా ఎంపీ హద్దును అంగుళం కూడా కదపలేదు.

కేంద్ర ప్రభుత్వం మొత్తంలో సిక్కోలు (శ్రీకాకుళం) ఓటరు నేరుగా ఎన్నుకునేది ఒకే ఒక్క మనిషిని, తన లోక్‌సభ సభ్యుణ్ణి. ప్రధానమంత్రిని గానీ, కేంద్రమంత్రిని గానీ, రాజ్యసభ సభ్యుణ్ణి గానీ, రాష్ట్రపతిని గానీ, సుప్రీంకోర్టు జడ్జిని గానీ అతను ఓటేసి ఎన్నుకోడు. వాళ్ళంతా ఇంకొకరి చేతుల మీదుగా ఆ స్థానాల్లోకి వస్తారు. ఎవరు ఎవరి చేతుల మీదుగా వచ్చారో తెలిస్తే తప్ప ఏ సమస్యకు ఎవరిని నిలదీయాలో తెలియదు. ఉత్తరాంధ్రలో సమస్యలకు కొదవ లేదు. నిలదీయాల్సిన చోటు తెలియక తిరిగే జనానికీ కొదవ లేదు.

లోక్‌సభలో 543 స్థానాలు. ఆంధ్రప్రదేశ్ వాటా 25. ఒక్కో స్థానం కింద ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు. సగానికి పైగా, అంటే 272 మంది మద్దతు ఎవరికి ఉందని రాష్ట్రపతి భావిస్తే వారిని ప్రధానిగా నియమిస్తారు. మిగతా మంత్రులను ప్రధాని సలహా ప్రకారం నియమిస్తారు. మంత్రి అయ్యే మనిషి లోక్‌సభలోనో రాజ్యసభలోనో సభ్యుడై ఉండాలి, కాకపోతే ఆరు నెలల్లో సభ్యుడు కావాలి. ఇష్టమొచ్చినంత మందిని పెట్టుకోవడానికీ లేదు. 2003లో వచ్చిన 91వ రాజ్యాంగ సవరణ ప్రకారం ప్రధానితో కలిపి మంత్రుల సంఖ్య లోక్‌సభ బలంలో 15 శాతం దాటకూడదు.

అంటే మన దగ్గర చట్టాలు చేసే సభలోంచే పాలించే మంత్రివర్గం పుడుతుంది. లోక్‌సభ విశ్వాసం పోయిన రోజున దిగిపోతుంది. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269 ఓట్లు తెచ్చుకుని, ఎదురుగా 270 పడటంతో కూలిపోయింది. ఒక్క ఎంపీ అటు కూర్చుని ఉంటే దేశ చరిత్రలో ఆ సంవత్సరం వేరేగా ఉండేది. 2024లో బీజేపీకి 240 సీట్లు వచ్చాయి. తెలుగుదేశానికి వచ్చిన 16 సీట్లకు ఢిల్లీలో అంత విలువ పలకడానికి కారణం ఆ 32 సీట్ల లోటు. ఆ పదహారులో శ్రీకాకుళం ఉంది, విజయనగరం ఉంది. గుర్తు చూసి మీట నొక్కి వచ్చేసిన ఓటు చేసిన పని ఇది.

ఈ రెండు నియోజకవర్గాలకూ పౌర విమానయాన శాఖకూ రుణానుబంధం ఏదో ఉన్నట్టుంది. 2014 నుంచి 2018 దాకా ఆ శాఖ మంత్రి విజయనగరం ఎంపీ అశోక్ గజపతిరాజు. 2024 జూన్ నుంచి శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు. రెండు పట్నాల వాళ్ళకూ అందుబాటులో భోగాపురం విమానాశ్రయం. మంత్రి మనవాడే కాబట్టి భోగాపురం సంగతంతా ఆయన చేతుల్లోనే ఉందని చాలామంది అనుకుంటారు. విమానాశ్రయానికి అనుమతి ఇచ్చేది కేంద్రం, అంతవరకు నిజమే. దానికి భూమి సేకరించింది రాష్ట్ర ప్రభుత్వ యంత్రాంగం. ఆ సేకరణ ఏ పద్ధతిలో జరగాలో, పరిహారం ఎలా లెక్కగట్టాలో చెప్పేది 2013లో పార్లమెంటు చేసిన చట్టం. న్యాయం జరగలేదని రైతులు తలుపు తట్టింది హైకోర్టుది. ఒకే ఒక్క రన్‌వే కింద శాసనం, పాలన, న్యాయం మూడూ ఉన్నాయి. పొలం పోయిన రైతు విమానయాన మంత్రి ఇంటి ముందు నిలబడితే ఆ మంత్రి ఎంత మంచివాడైనా పరిహారం చెక్కు మీద సంతకం చేయలేడు.

మంత్రికి మంత్రివర్గంతో ఉండే ముడి గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మంత్రివర్గం మొత్తం కలిసి లోక్‌సభకు జవాబుదారీ. లోపల ఎంత వాదించినా బయటికొచ్చాక అందరిదీ ఒకే మాట కావాలి. మింగుడు పడకపోతే రాజీనామా ఒక్కటే దారి. 2018 మార్చిలో ప్రత్యేక హోదా విషయంలో తెలుగుదేశం పార్టీ కేంద్ర ప్రభుత్వం నుంచి బయటికి రావడంతో అశోక్ గజపతిరాజు మంత్రి పదవి వదిలేశారు. అదే సంవత్సరం జూలైలో తెలుగుదేశం పెట్టిన అవిశ్వాస తీర్మానానికి అనుకూలంగా 126, వ్యతిరేకంగా 325 ఓట్లు పడ్డాయి. ప్రభుత్వం పడిపోలేదు. కానీ ఒక రాష్ట్రానికి ఇచ్చిన మాట గురించి దేశమంతా చూస్తుండగా ప్రధాని సభలో జవాబు చెప్పాల్సి వచ్చింది. అవిశ్వాసానికి ఉన్న అసలు బలం అదే.

కేంద్రం చేతుల్లో మాత్రమే ఉన్న పని అంటే ఏమిటో 2018 నవంబరులో ఈ తీరానికి తెలిసొచ్చింది. ఇక్కడ హార్బర్లు, జెట్టీలు లేక, వేట సాగక, ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం లాంటి ఊళ్ళ మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళి కూలికి బోట్లెక్కుతారు. అలా వెళ్ళినవాళ్ళు పాకిస్తాన్ జలాల్లోకి వెళ్ళారని అక్కడి అధికారులకు పట్టుబడ్డారు. ఇంటి దగ్గర ఆడవాళ్ళు కలెక్టరాఫీసు చుట్టూ, నాయకుల ఇళ్ళ చుట్టూ తిరిగారు. కలెక్టరు సివిల్ సర్వీసెస్ పరీక్ష రాసి ఐఏఎస్‌కి ఎంపికై, రాష్ట్ర ప్రభుత్వం వేసిన చోట పనిచేసే అధికారి. వినతిపత్రం తీసుకుని పైకి పంపగలరు. ముఖ్యమంత్రి లేఖ రాయగలరు. ఎంపీ సభలో అడగగలరు. ఇంకో దేశంతో మాట్లాడే అధికారం మాత్రం విదేశాంగ శాఖది, అంటే కేంద్ర మంత్రివర్గానిది. 2020 జనవరిలో ఇరవై మంది వాఘా సరిహద్దు దాటి వచ్చే వరకు ఆ కుటుంబాలు పడిన టెన్షన్ మాటల్లో చెప్పేది కాదు. వలస వెళ్ళకుండా ఇక్కడే హార్బర్ కట్టించే బాధ్యతలో రాష్ట్రానికీ వాటా ఉంది. ఆ సంగతి వాళ్ళు పట్టుబడక ముందే అడిగి ఉండాల్సింది.

ఇక గులాబీ కాగితం ఢిల్లీకి వెళ్ళే దారి.

రాజ్యసభలో ఆంధ్రప్రదేశ్‌కు 11 స్థానాలు. పదవీకాలం ఆరేళ్ళు, రెండేళ్ళకోసారి మూడో వంతు సభ్యులు దిగిపోతారు. ఓటర్లు ఎమ్మెల్యేలు. నాలుగు ఖాళీలు ఉన్నప్పుడు 175 మంది ఎమ్మెల్యేలూ ఓటేస్తే గెలవడానికి కావాల్సింది 36 మంది. ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎమ్మెల్యే స్థానాలు 19. ఒక రాజ్యసభ సభ్యుణ్ణి గెలిపించడానికి కావాల్సిన బలంలో సగానికి పైగా ఈ రెండు జిల్లాల్లోనే ఉందన్నమాట. అయినా ఫలానా వారిని రాజ్యసభకు ఎందుకు పంపారని ఊళ్ళోకొచ్చిన ఎమ్మెల్యేని నిలదీసిన ఓటరు ఎక్కడా కనిపించడు. అది పార్టీ అధిష్ఠానం వ్యవహారమని అందరూ వదిలేశారు. 2003 నుంచి ఈ ఓటు బహిరంగం, ఎమ్మెల్యే తన ఓటును పార్టీ ఏజెంటుకు చూపించే వేయాలి. అదే సంవత్సరం అభ్యర్థి ఆ రాష్ట్రంలో ఓటరై ఉండాలన్న నిబంధన కూడా తీసేశారు. రాష్ట్రాల తరఫున మాట్లాడాల్సిన సభకు రాష్ట్రంతో ఉన్న ముడి ఆ రోజున కొంత సడలింది.

రాష్ట్రపతి ఎన్నికలో ఎమ్మెల్యే బరువు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పార్లమెంటు రెండు సభల్లో ఎన్నికైన సభ్యులూ, రాష్ట్రాల అసెంబ్లీలతో పాటు ఢిల్లీ, పుదుచ్చేరిల్లో ఎన్నికైన ఎమ్మెల్యేలూ ఇందులో ఓటర్లు. నామినేట్ అయినవాళ్ళకు ఓటు లేదు. రాష్ట్రానికి 1971లో ఉన్న జనాభాను ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించి, మళ్ళీ వెయ్యితో భాగిస్తే ఒక్కో ఎమ్మెల్యే ఓటు విలువ వస్తుంది. 2022 ఎన్నికలో ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 159. ఉత్తరప్రదేశ్‌లో 208, సిక్కింలో 7. ఎంపీ ఓటు విలువ 700. మన 19 మంది ఎమ్మెల్యేలను కలిపితే 3,021. నలుగురు ఎంపీల ఓట్లు కలిపినా 2,800 దాటవు. పైగా ఈ ఓటు రహస్యం, పార్టీ విప్ (ఫలానా వారికే ఓటేయాలన్న పార్టీ ఆదేశం) పనిచేయదు.

విప్ లేని ఓటు ఏం చేయగలదో 1969 రాష్ట్రపతి ఎన్నికలో దేశం చూసింది. అందులో నెగ్గిన మనిషి రాజకీయ ప్రయాణం ఈ గడ్డ మీదుగా సాగింది. వరాహగిరి వెంకటగిరి పుట్టింది బరంపురంలో. మొదటి లోక్‌సభకు ఆయన్ని పంపింది పాతపట్నం. 1952లో నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల జీతభత్యాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చడం నచ్చక 1954లో రాజీనామా చేశారు. 1957లో పార్వతీపురం నుంచి మళ్ళీ నిలబడ్డారు. అప్పట్లో అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, ఒక స్థానం గిరిజనులకు రిజర్వు, రెండోది జనరల్. ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న మొదటి ఇద్దరూ గిరిజన అభ్యర్థులే. ఒకరికి రిజర్వు స్థానం దక్కింది. రెండో అభ్యర్థి డిప్పల సూరిదొర జనరల్ స్థానానికి ఎన్నికైనట్టు ప్రకటించారు. కేంద్రమంత్రిగా చేసిన గిరి ఓడిపోయారు. రిజర్వు స్థానానికి నామినేషన్ వేసిన వ్యక్తి జనరల్ స్థానం ఎలా తీసుకుంటారన్నది గిరి వాదన. సూరిదొర అసలు గిరిజనుడే కాదని కూడా వాదించారు. 1959లో సుప్రీంకోర్టు ఆ వాదనలు ఒప్పుకోలేదు. రిజర్వేషన్ అంటే కనీసం ఒక స్థానానికి హామీ, రెండో స్థానం ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నవారిది, వారు గిరిజనులైనా సరే. పార్వతీపురం కొండల నుంచి వచ్చిన ఆ మనిషి మీద కేంద్రమంత్రిగా వెలిగిన నాయకుడు బ్యాలెట్‌తోనూ గెలవలేదు, కోర్టులోనూ గెలవలేదు. ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలను 1961లో రద్దు చేశారు. ఆ తీర్పు గురించి ఈ ప్రాంతపు పిల్లలకు బడిలో చెప్పాలి.

ఓడిన గిరి ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగా వెళ్ళారు. గవర్నరుకు ఎన్నిక లేదు, కేంద్రం చెబితే రాష్ట్రపతి నియమిస్తారు. 2025 జూలైలో అశోక్ గజపతిరాజు గోవా గవర్నరు అయింది కూడా అలాగే. 1967లో గిరి ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969 మేలో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ చనిపోతే తాత్కాలికంగా ఆ బాధ్యతలు తీసుకుని, జూలైలో రెండు పదవులూ వదిలి స్వతంత్రుడిగా పోటీకి దిగారు. కాంగ్రెస్ అధికార అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ఇందిరాగాంధీ అంతరాత్మ ప్రకారం ఓటేయమన్నారు. మొదటి ప్రాధాన్య ఓట్లలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548 వచ్చాయి. గెలవడానికి కావాల్సిన కోటా ఎవరికీ రాలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కించాక గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. రాష్ట్రపతి ఎన్నిక మీద వివాదాలు నేరుగా సుప్రీంకోర్టుకే వెళ్తాయి. ఆ ఎన్నిక మీదా పిటిషన్లు పడ్డాయి. పదవిలో ఉన్న రాష్ట్రపతి 1970లో స్వయంగా కోర్టు ముందుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. పిటిషన్లు కొట్టేశారు. ఓటరు, మంత్రివర్గం, కోర్టు, గవర్నరు పదవి, రాష్ట్రపతి పీఠం ఒకదానికొకటి ఎలా ముడిపడి ఉన్నాయో చెప్పడానికి ఆ ఒక్క జీవితం చాలు.

అందరికీ కనిపించే ఈ తలుపుల మధ్య ఒక్క తలుపు మాత్రం మూసి ఉంటుంది. సుప్రీంకోర్టు, హైకోర్టు జడ్జీలను ఎంపిక చేసేది కొలీజియం. సుప్రీంకోర్టుకైతే ప్రధాన న్యాయమూర్తి, ఆయన తర్వాత సీనియర్లైన నలుగురు జడ్జీలు కలిసి పేర్లు సిఫారసు చేస్తారు. హైకోర్టుల నుంచి వచ్చిన పేర్ల మీదైతే ప్రధాన న్యాయమూర్తితో పాటు ఇద్దరు సీనియర్ జడ్జీలు నిర్ణయిస్తారు. ప్రభుత్వం ఒకసారి వెనక్కి పంపవచ్చు. కొలీజియం మళ్ళీ అదే పేరు పంపితే నియమించాలి, కానీ ఫైలు ఎన్నాళ్ళు అట్టిపెట్టుకోవచ్చన్న దానికి గట్టి గడువు లేదు. ఈ పద్ధతి రాజ్యాంగంలో రాసి లేదు, 1993, 1998లలో కోర్టు చెప్పిన మాటల నుంచి వచ్చింది. దీన్ని మార్చాలని 2014లో పార్లమెంటు 99వ సవరణతో జాతీయ న్యాయ నియామకాల కమిషన్ తెచ్చింది. 2015 అక్టోబరులో ఐదుగురు జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం 4-1 మెజారిటీతో దాన్ని కొట్టేసింది. మంత్రుల చేతుల్లో పెడితే ప్రభుత్వం మీదే కేసు వేసిన మనిషికి న్యాయం దొరకదన్న భయం అర్థం లేనిది కాదు. కానీ ఎవరిని ఎందుకు తీసుకున్నారో, ఎవరిని ఎందుకు పక్కన పెట్టారో జనానికి సరిగా తెలియకపోవడం ఆ భయానికి మందు కాదు.

ఆ జడ్జీల మాట ఎంత దూరం వస్తుందో సీతంపేట, గుమ్మలక్ష్మీపురం ఏజెన్సీలకు బాగా తెలుసు. షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 3 ఇచ్చింది. కొండ మీద బడికి మైదానం నుంచి వేసిన టీచరు సరిగా రాడన్న అనుభవంలోంచి పుట్టిన ఉత్తర్వు అది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. అప్పటి నుంచి గిరిజన యువత ఎమ్మెల్యేలనూ ఎంపీలనూ అడుగుతూనే ఉంది. కోర్టు కొట్టేసిన ఉత్తర్వును ఎమ్మెల్యే సంతకంతో బతికించలేరు. తీర్పుకు నిలబడే కొత్త పద్ధతి ప్రభుత్వమో చట్టసభో కనిపెట్టాలి. అందుకు రాజకీయ సంకల్పం ఎంత కావాలో, మంచి లాయర్లూ అంతే కావాలి.

కోర్టు చేయలేని పనీ ఒకటి ఈ కొండల్లోనే ఉంది. సాలూరు మండలానికీ ఒడిశాలోని పొట్టంగి బ్లాకుకూ మధ్య కొఠియా గ్రామాలున్నాయి. 21 ఊళ్ళు తమవేనని రెండు రాష్ట్రాలూ అంటాయి. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2006లో కోర్టు కేసును ముగించింది, యథాతథ స్థితి కొనసాగించమంది. 2021లో ఆంధ్రప్రదేశ్ ఆ ఊళ్ళలో పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్ళీ సుప్రీంకోర్టు మెట్లెక్కింది. రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ, ఓటరు కార్డులూ ఉన్న కుటుంబాలు అక్కడ ఉన్నాయి. రెండు వైపుల నుంచీ రోడ్డు వేస్తామంటారు, బడి కడతామంటారు, పోలీసులూ రెండు వైపుల నుంచీ వస్తారు.

రాష్ట్రాల హద్దు మార్చే అధికారం రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం పార్లమెంటుది. రాష్ట్రపతి సిఫారసు లేనిదే, అంటే కేంద్ర మంత్రివర్గం కదలనిదే అలాంటి బిల్లు సభలోకి రాదు. ఆయా రాష్ట్రాల అసెంబ్లీల అభిప్రాయం అడుగుతారు, అంగీకారం అక్కర్లేదు. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ విభజన బిల్లును తిరస్కరించింది, ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది. పెద్ద రాష్ట్రాన్నే రెండుగా చేసిన ఆ అధికారం, ఇరవై ఒక్క ఊళ్ళ హద్దు తేల్చడానికి సరిపోదని ఎవరూ అనలేరు. లోక్‌సభలో ఆ ఊళ్ళ గురించి అడగాల్సిన ఎంపీలు ఇద్దరున్నారు. ఒకరు అరకు ఎంపీ, ఇంకొకరు కోరాపుట్ ఎంపీ.